బ్రిటిష్ మ్యూజియంలో ఐగుప్తు: గైడుకు 31 మార్కులు, రాతిపలకకు నూటికి నూరు

ఇది రెండింటి మీద సమీక్ష. మొదటిది లండన్ బ్రిటిష్ మ్యూజియంలోని ఐగుప్తు గదులు (బైబిలు ఈజిప్టును ఐగుప్తు అంటుంది). వాటిని చూడడానికి పైసా కట్టనక్కర్లేదు. రెండోది, అవే గదులను "బైబిలు వెలుగులో" చూపిస్తానని మనిషికి పాతిక పౌండ్లు తీసుకున్న ఒక గైడు. ఆయన పేరు గానీ, ఆయన్ని పంపిన సంస్థ పేరు గానీ రాయను. అలాంటివారు ఏ పుణ్యక్షేత్రంలోనైనా దొరుకుతారు. పేరు కంటే లక్షణాలు తెలిస్తేనే మీకు ఉపయోగం.

నా సంగతి కొంచెం చెప్పాలి, లేకపోతే నేను వేసే మార్కులు మీకు అర్థం కావు. కృష్ణా జిల్లా ప్రభుత్వ బడుల్లో ముప్పై రెండేళ్లు సాంఘిక శాస్త్రం చెప్పాను. అందులో చివరి ఆరేళ్లు ప్రధానోపాధ్యాయురాలిని. ఆదివారం మా సంఘంలో సండే స్కూలు. అంటే సోమవారం నుంచి శనివారం వరకు ఈజిప్టు, ఆదివారం ఐగుప్తు. రెండూ ఒకే దేశమని మా పిల్లల్లో చాలామందికి తెలియదు. పిరమిడ్లు ఈజిప్టులో ఉంటాయి, ఫరో అనే రాజు ఐగుప్తులో ఉంటాడు. ఒకసారి ఏడో తరగతి పిల్లవాడు లేచి "టీచర్, ఐగుప్తు ఇప్పుడు ఏ దేశంలో ఉంది?" అని అడిగాడు. వాణ్ని చూసి నవ్వాను. నా తలలో కూడా అవి రెండు దేశాలుగానే ఉన్నాయని మొన్న లండన్ వచ్చాకే తెలిసింది.

అబ్బాయి దగ్గరికి మూడు నెలలు ఉండడానికి వచ్చాను. నా పుట్టినరోజుకు కోడలు ఆ గైడు టికెట్లు కొనిపెట్టింది. "అత్తయ్యా, మీ ఫరోని చూసి రండి" అంది. తోడుకు తొమ్మిదేళ్ల మనవరాలు.

రెండు గంటల పర్యటనలో మొదటి నలభై నిమిషాలు ఒకే విగ్రహం ముందు గడిచిపోయాయి. కింది అంతస్తు, నాలుగో గది. ఫరో రెండో రామెసేసు తల, భుజాలు, బరువు ఏడు టన్నుల పైమాట. థీబ్స్‌లో అతను కట్టించుకున్న ఆలయం నుంచి 1816లో బెల్జోనీ అనే ఇటలీవాడు దీన్ని తాళ్లతో, దుంగల మీద, కూలీల చేత నైలు ఒడ్డుదాకా ఈడ్పించాడు. లండన్ చేరింది 1818లో. ఒకే రాయిలో రెండు రంగులు, ఒళ్లు నల్లగా, ముఖం ఎర్రజీరతో ఉంటుంది. చూడదగిన విగ్రహమే, కాదనను.

గైడు దాని ముందు చేతులు చాచి నిలబడి "మోషేతో వాదించినవాడు ఇతడే, ఎర్ర సముద్రంలో మునిగిపోయినవాడు ఇతడే" అని తేల్చేశాడు. మనవరాలు నా చెయ్యి గిల్లి, "నానమ్మా, బైబిల్లో ఆయన పేరు లేదన్నావు కదా?" అంది.

లేదు. ఇశ్రాయేలీయులు మోషే వెంట ఐగుప్తు బానిసత్వం నుంచి బయటపడిన కథ చెప్పే నిర్గమకాండం మొత్తం చదివినా ఆ ఫరో పేరు కనబడదు. ఇశ్రాయేలీయుల చేత కట్టించిన ధాన్యపు పట్టణాలు రెండింటిలో ఒకదాని పేరు రామెసేసు అని మాత్రం ఉంది. ఆ ఆధారంతో చాలామంది పండితులు కథను రెండో రామెసేసు కాలంలో పెడతారు. బైబిల్లోని సంవత్సరాల లెక్కలు కూడుకుంటూ వచ్చేవారు ఇంకో రెండు వందల ఏళ్లు వెనక్కి వెళతారు. అలాంటి నిర్గమనం జరిగిందని చెప్పే ఐగుప్తు రాత ఏదీ దొరకలేదనేవారూ ఉన్నారు. ఈ మూడు మాటలు చెప్పడానికి ఒక్క నిమిషం చాలు. ఇక మునిగిపోవడమంటారా, ఈ రామెసేసు 66 ఏళ్లు ఏలి, తొంభై ఏళ్ల ప్రాయంలో పోయాడు. అతని మమ్మీ కైరోలో ఉంది. 2021 ఏప్రిల్‌లో తక్కిన రాజులతో కలిపి ఊరేగింపుగా వేరే మ్యూజియానికి తరలిస్తుంటే నేనే టీవీలో చూశాను.

ఆ తర్వాత గైడు ఫోను తీసి రెండు ఫోటోలు చూపించాడు. ఒకటి సముద్రం అడుగున రథ చక్రాలు, రెండోది యోసేపు పేరున్న నాణేలు. అన్నలు అమ్మేస్తే ఐగుప్తు చేరి, ఫరో కింద పెద్ద అధికారి అయినవాడు ఈ యోసేపు. రెండూ మా సంఘం వాట్సాప్‌లో పదిసార్లు చక్కర్లు కొట్టినవే. పాతిక పౌండ్లు కట్టి వాట్సాప్ చూడడానికి బ్రిటిష్ మ్యూజియం దాకా రావాలా?

నాణేల సంగతి కాస్త ఆగి చెబుతాను, ఎందుకంటే ఇందులో మన తప్పు కూడా ఉంది. యోసేపు కథ ఏ కాలంలో పెట్టుకున్నా అప్పటికి నాణెమనే వస్తువే పుట్టలేదు. ఐగుప్తు సొంతంగా నాణేలు కొట్టుకున్నది క్రీ.పూ. 4వ శతాబ్దంలో. అంతవరకు ధాన్యం కొలిచి ఇవ్వడం, వెండి, రాగి తూచి ఇవ్వడం. అయితే మన తెలుగు బైబిల్లో యోసేపు అన్నల గోనెల్లో "రూకలు" కనబడ్డాయని ఉంటుంది. రూకలనగానే మన చెవుల్లో గలగలమని చప్పుడవుతుంది. హీబ్రూ మూలంలో ఉన్న మాటకు అర్థం వెండి, అంతే. గోనె మూతిలో దొరికింది మూటకట్టిన వెండి ముక్కలన్నమాట. భార్య శారా సమాధికి పొలం కొన్నప్పుడు అబ్రాహాము వెండి తూచి ఇచ్చాడని, యోసేపు కథ ఉన్న ఆదికాండంలోనే ఉంది. ఆ "తూచి" అన్న మాట నేను నలభై ఏళ్లుగా చదువుతున్నాను, ఒక్కసారీ త్రాసు కళ్లముందు కదలలేదు.

గైడుకు మార్కులు: స్పష్టమైన గొంతుకు 15, వేళకు వచ్చినందుకు 10, మనవరాలి ప్రశ్నలకు విసుక్కోనందుకు 6. విషయానికి సున్నా. మొత్తం 31. మా బడిలో 35 వస్తేనే పాసు.

తర్వాతి శుక్రవారం సాయంత్రం మేమిద్దరమే వెళ్లాం. శుక్రవారాల్లో రాత్రి ఎనిమిదిన్నర దాకా తెరిచి ఉంచుతారు, ఏడు దాటాక జనం బాగా పలచబడతారు. నా సంచిలో నోటు పుస్తకం, చిన్న బైబిలు, మనవరాలి దగ్గర భూతద్దం. ఈసారి రామెసేసుకు ఒక నమస్కారం పెట్టి నేరుగా మేడ ఎక్కేశాం.

అక్కడ మొదట పట్టుకున్నది ఇటుకను. రామెసేసు పేరు ముద్ర వేసిన పచ్చి ఇటుక, కాల్చింది కాదు, ఎండలో ఆరబెట్టింది. కింద ఏడు టన్నుల రాయిలో చూసినవాడే ఇక్కడ మట్టిలో ఉన్నాడు. అద్దానికి ముక్కు ఆనించి చూస్తే మట్టిలో చిక్కుకున్న గడ్డి పరకలు కనబడతాయి. నిర్గమకాండం అయిదో అధ్యాయం అంతా ఈ గడ్డి గొడవే. ఇకమీదట గడ్డి ఇవ్వను, మీరే ఏరుకోండి, ఇటుకల లెక్క మాత్రం తగ్గకూడదు అంటాడు ఫరో. వాళ్లు దేశమంతా చెదిరిపోయి, కోత తర్వాత మిగిలిన కొయ్యకాళ్లు ఏరుకుంటారు. సండే స్కూల్లో పిల్లలు "మట్టి ఇటుకకు గడ్డి ఎందుకు?" అని అడిగేవారు కాదు, మా ఊరి పిల్లలకు తెలుసు. మట్టిగోడ పెట్టేటప్పుడు వరిగడ్డి తుంపి, మట్టిలో కలిపి, నీళ్లు పోసి, కాళ్లతో తొక్కి మగ్గబెట్టేవారు. గడ్డి లేకపోతే గోడ ఆరేటప్పుడు నెర్రెలు విచ్చుతుంది. నైలు ఒండ్రుమట్టికీ అదే వైద్యం. లండన్‌లో పుట్టిన మనవరాలికి ఇదంతా విప్పి చెప్పాల్సి వచ్చింది. విని, "అయితే గడ్డి ఆపేస్తే ఇల్లే ఆగిపోతుంది కదా, ఫరోకే నష్టం" అంది. సరిగ్గా అదే పాయింటు. గడ్డి ఆపాడు, లెక్క ఆపలేదు. పై అధికారులు కొందరు ఇప్పటికీ ఇలాగే ఆదేశాలిస్తారు, నాకు స్వానుభవం.

రెండో వస్తువు దగ్గర నేను చిన్నబోయాను. అద్దాలు. ఐగుప్తు స్త్రీల అద్దాలు గుండ్రటి రాగి రేకులో, కంచు రేకులో. కింద పిడి ఉంటుంది. రేకును నునుపుగా మెరుగుపెట్టి అందులో ముఖం చూసుకునేవారు. ఇప్పుడు పచ్చటి కిలుం పట్టి ఏమీ కనబడదు. ఎడారిలో దేవుని ఆరాధనకు వేసిన గుడారం ద్వారం దగ్గర సేవ చేసే స్త్రీల అద్దాలతో ఇత్తడి గంగాళం చేశారని నిర్గమకాండం చివర్లో ఉంటుంది. నా పదేళ్ల వయసులో ఈ మాట విని అమ్మను అడిగాను: అద్దం పగిలిపోతుంది కదా, గంగాళం ఎలా చేస్తారు? మా ఇంట్లో గోడకు వేలాడే గాజు అద్దం, పెరట్లో నీళ్ల గంగాళం, ఈ రెండింటికీ లంకె కుదరలేదు. "దేవుడికి సాధ్యం కానిది ఏముంది" అంది అమ్మ. తర్వాత నేనూ నా విద్యార్థులకు అదే జవాబు చెప్పి తప్పించుకున్నాను. తీరా చూస్తే ఇందులో అద్భుతమేమీ లేదు. కంచు కరిగించి గంగాళం పోశారు. ఐగుప్తు నుంచి వచ్చిన ఆడవాళ్లు తమ అలంకరణ సామానులో ఖరీదైన వస్తువును తెచ్చి ఇచ్చేశారు. అద్భుతం అనుకున్నప్పటికంటే ఇప్పుడే ఆ వచనం నాకు బరువుగా తగిలింది. ముఖం చూసుకునేది ఇచ్చేశాక ఎడారిలో ముఖం ఎందులో చూసుకున్నారో!

పక్కనే కాటుక గొట్టాలు, కాటుక పుల్లలు. బైబిల్లోని యెజెబెలు రాణి చావుకు ముందు కళ్లకు రంగు పూసుకుని కిటికీలోంచి చూసిన సంగతి గుర్తొచ్చింది. మనవరాలికి మాత్రం చిన్నప్పుడు వాళ్లమ్మ దిష్టిచుక్క పెట్టిన డబ్బీ గుర్తొచ్చింది. సరే.

కత్తులు చూసి కూడా ఒక తప్పు దిద్దుకున్నాను. క్షౌరపు కత్తులు. చెరసాలలోంచి ఫరో దగ్గరికి తీసుకెళ్లే ముందు యోసేపు క్షౌరం చేయించుకుని బట్టలు మార్చుకున్నాడని ఆదికాండం చెబుతుంది. ఐగుప్తు గోడ చిత్రాల్లో ఐగుప్తు మగవారు నున్నగా గీయించుకుని ఉంటారు. కనాను, సిరియా వైపు నుంచి కప్పం మోసుకొచ్చేవారికే గడ్డాలు. సొబెక్‌హోతెప్ అనే అధికారి సమాధి నుంచి వచ్చిన చిత్రపు ముక్కలో ఆ తేడా కొట్టొచ్చినట్టు కనబడుతుంది. అంటే ఆ ఒక్క క్షౌరంతో యోసేపు చూడడానికి ఐగుప్తీయుడైపోయాడు, అన్నలు గుర్తుపట్టకపోవడంలో వింత లేదు. మా సండే స్కూలు చార్టులో సింహాసనం ముందు నిలబడ్డ యోసేపుకు రొమ్ముదాకా గడ్డం ఉండేది. పాతికేళ్లు ఆ చార్టుతోనే పాఠం చెప్పాను.

ఇక నూటికి నూరు మార్కుల వస్తువు దగ్గరికి వస్తున్నాను. పెద్ద పలక పరిమాణంలో ఉన్న సున్నపురాయి ముక్క. ముందుకు వంగి చూస్తే సిరాతో రాసిన గీతలు, చుక్కలు. పక్కన రాసిన వివరం చదివాక నాకు కుర్చీ కావాలనిపించింది. అది హాజరుపట్టీ!

రెండో రామెసేసు 40వ ఏలుబడి సంవత్సరం నాటిది. నైలుకు పడమటి ఒడ్డున, ఇప్పటి లక్సర్ ఎదురుగా దేర్ ఎల్ మదీనా అనే ఊరు. రాజుల సమాధులు తొలిచి, చెక్కి, రంగులు వేసే పనివారు కుటుంబాలతో అక్కడ ఉండేవారు. ఆ పనివారి రాకపోకల లెక్క ఈ రాయి మీద ఉంది. కుడివైపు అంచున పేర్లు, దాదాపు 40 మంది. ప్రతి పేరుకు ఎదురుగా రాని తేదీలు నల్ల సిరాతో. ప్రతి తేదీ పైన, ఎందుకు రాలేదో ఆ కారణం ఎర్ర సిరాతో.

ఎర్ర సిరాతో! ముప్పై రెండేళ్లు నేను పొద్దున్నే చేసిన పని అది. పేర్లు నల్ల సిరాతో, రానివారికి ఎర్ర సిరాతో. ఆ ఎర్ర పెన్ను టేబులు మీద ఎవరైనా తీస్తే కోపం వచ్చేది. మూడు వేల రెండు వందల ఏళ్ల కింద ఒక గుమస్తా రాతిముక్క ముందు పెట్టుకుని అదే పని చేశాడు. అతను నాకు దూరపు బంధువేమో అనిపించింది.

కారణాలు చదవండి. ఒకడికి తేలు కుట్టింది. ఒకడికి కళ్లు బాగాలేవు. ఒకడు తల్లి శవానికి గుడ్డలు చుట్టే పనిలో ఉన్నాడు. ఒకడు బీరు కాస్తున్నాడు. ఇది సాకు కాదు, పండగకూ నైవేద్యానికీ అక్కడ ఇంట్లోనే బీరు చేసుకునేవారు. ఒకడి ఇంట్లో ఆడవారు ముట్టు. అందుకు మగవాడు సెలవు పెట్టాడు, గమనించండి. ఆ కారణం రాసినప్పుడు గుమస్తా ముఖం ఎలా ఉందో చూడాలని నాకు కోరిక. కొందరు చనిపోయినవారికి అర్పణలు చేయడానికి వెళ్లారు. కొందరు తమ పై అధికారితో ఉన్నారు, అంటే సొంత పనికి వాడుకున్నాడన్నమాట. ఇది కూడా తెలిసిన విషయమే.

ఇప్పుడు మళ్లీ నిర్గమకాండం అయిదో అధ్యాయానికి వెళ్లండి. మోషే, అతని అన్న అహరోను ఫరోను మొదట అడిగింది ఏమిటి? విడుదల కాదు, సెలవు. మూడు రోజులు అరణ్యంలోకి వెళ్లి మా దేవునికి బలి అర్పించి వస్తాం, పంపించు అన్నారు. ఫరో జవాబు: మీరు సోమరులు, అందుకే బలి అంటున్నారు, పనికి పొండి. చిన్నప్పుడు ఈ మాట వింటే అడిగినవాళ్లదే అత్యాశ అనిపించేది. బానిసలకు సెలవులేమిటి అనుకునేదాన్ని. ఈ రాయి చూశాక అడిగిన తీరు అర్థమైంది. ఆ దేశంలో పనివాడు దైవకార్యానికి, పితృకార్యానికి మానేయడం గుమస్తా ఎర్ర సిరాతో రాసుకుని ఊరుకునేటంత మామూలు సంగతి. వాళ్లు అడిగింది ఆ దేశపు అలవాటులో ఉన్నదే. సమాధులు చెక్కే పనివారు జీతంగా ధాన్యం తీసుకునే నేర్పరులు, ఇటుకలు చేసే పరదేశులు వెట్టివాళ్లు. ఒకరికి రాసి ఇచ్చే కారణం, ఇంకొకరికి సోమరితనం. ఈ రాయి మోషే ఉన్నాడని రుజువు చేయదు. అతని పేరు ఇందులో లేదు, ఇశ్రాయేలు పేరూ లేదు. ఫరో నోట్లోంచి వచ్చిన "సోమరులు" అన్న మాట ఎంత కటువుగా వినబడి ఉంటుందో మాత్రం చెబుతుంది. నాకు అది చాలు.

(ఇశ్రాయేలు అనే పేరు ఉన్న ఐగుప్తు రాయి కావాలంటే అది లండన్‌లో వెతక్కండి. రెండో రామెసేసు కొడుకు మెర్నెప్తా విజయ శాసనం, 1896లో పీట్రీ అనే పురావస్తు పరిశోధకుడి తవ్వకాల్లో బయటపడింది, ఉన్నది ఐగుప్తులోనే. అందులోనూ ఇశ్రాయేలు నాశనమైపోయిందని కోతలు కోశాడు.)

61వ గదిలోని నెబామున్ చిత్రాల కోసం కనీసం అరగంట పెట్టుకోండి. క్రీ.పూ. 1350 ప్రాంతపు సమాధి గోడల నుంచి వచ్చిన 11 ముక్కలు. వేట చిత్రాన్ని మీరు ఎక్కడో ఒకచోట చూసే ఉంటారు, రెల్లు పడవ, ఎగిరే పక్షులు, వాటిని పట్టుకుంటున్న పిల్లి. అందరూ దాని ముందే గుమిగూడతారు. ఈ నెబామున్ ఉద్యోగం ఏమిటో తెలుసా? ఆలయపు కొట్లలో ధాన్యం లెక్క రాసే గుమస్తా. యోసేపు ఏడేళ్ల పంటను కొట్లలో పోయించినప్పుడు కింద పనిచేసినవారు ఇలాంటివారే అయి ఉంటారు. పశువుల లెక్క, బాతుల లెక్క కూడా ఆ గోడల మీద ఉంది.

నేను నిలబడిపోయింది వేరే ముక్క దగ్గర. పొలం కొలిచే చిత్రం. ఒక పక్క పైన ఒక రథం, కింద ఒక రథం, చెట్టు నీడలో అధికారుల కోసం ఎదురుచూస్తున్నాయి. ఇంకో పక్క ఒక ముసలి రైతు, నడుం వంగి, చేతికర్రతో, సరిహద్దు రాయి దగ్గర నిలబడ్డాడు. ఆకాశంలోని దేవుడి మీద ఒట్టు, ఈ రాయి సరిగ్గా ఉంది అని అతను అంటున్నట్టు చిత్రలిపిలో రాసి ఉంది.

మా నాన్న గట్టు తగాదాలో పదకొండేళ్లు కోర్టుకు తిరిగాడు. రాయి రెండు గజాలు జరిగిందని ఆయన, జరగలేదని పక్క పొలం ఆయన. సర్వేయరు గొలుసు పట్టుకుని వచ్చిన రోజున నాన్న సరిగ్గా ఇలాగే వంగి, రాయి పక్కన నిలబడ్డాడు. పితరులు వేసిన పొలిమేర రాతిని తీసివేయకూడదని బైబిలు సామెతల గ్రంథంలో ఉన్న మాటను ఆయన పక్క పొలం ఆయనకు రోజూ వినిపించేవాడు. అదే మాట ఐగుప్తులో అమెనెమోపే అనే అధికారి తన కొడుక్కి రాసిన నీతుల్లోనూ ఉంది. సరిహద్దు రాయి జరపకు, విధవరాలి గట్టు ఆక్రమించకు అని. ఆ నీతులున్న పపైరస్ కాగితపు చుట్ట కూడా ఈ మ్యూజియం సొత్తే. సామెతలు 22, 23 అధ్యాయాలతో దానికి ఉన్న దగ్గరితనాన్ని పండితులు 1920ల్లోనే గుర్తించారు. ఎవరి నుంచి ఎవరు తీసుకున్నారన్న వాదన వాళ్లకు వదిలేస్తాను. నైలు పొంగి తగ్గిన ప్రతిసారీ గట్లు చెరిగిపోయే దేశంలో ఆ మాట పుట్టడంలో ఆశ్చర్యం లేదు.

ఒక్కటి మాత్రం గొంతులో అడ్డుపడుతుంది. ఈ చిత్రాలను సమాధి గోడ నుంచి కోసి తెచ్చారు. 1820లో తవ్వినవాడు ఆ సమాధి ఎక్కడుందో చెప్పకుండానే పోయాడు, ఇప్పటికీ ఆ చోటు దొరకలేదు. పొలిమేర రాయి జరపొద్దని చెప్పే చిత్రాన్నే జరిపేశారు. మన అమరావతి స్తూపపు శిల్పాలు కూడా ఇదే భవనంలో ఉన్నాయి కాబట్టి ఈ బాధ మనకు కొత్త కాదు.

మమ్మీల గదుల్లో నేను ఎక్కువసేపు ఉండలేను. జనం ఎక్కువ, పైగా మనుషుల శవాలు అవి. అక్కడ ఒక్క సంగతి గుర్తు పెట్టుకోండి. యోసేపు తండ్రి యాకోబు శవాన్ని సిద్ధం చేయడానికి 40 రోజులు పట్టిందని, ఐగుప్తీయులు 70 రోజులు దుఃఖించారని ఆదికాండం చెబుతుంది. ఉప్పులాంటి నేట్రాన్‌లో శవాన్ని ఆరబెట్టడానికి పట్టే రోజులు, మొత్తం క్రియకు పట్టే రోజులు సుమారుగా అవే. యోసేపు 110 ఏళ్లు బతికి, చివరికి "పెట్టెలో" ఉంచబడ్డాడు. నిండు ఆయుష్షు అంటే మనం నూరేళ్లు అంటాం, ఐగుప్తీయులు 110 అనేవారు. ఆ రచయితకు వాళ్ల లెక్క తెలుసు. మమ్మీనే చూడాలనుకుంటే ఇంత దూరం రానక్కర్లేదు, హైదరాబాద్ పబ్లిక్ గార్డెన్స్ మ్యూజియంలో నిజాం కాలంలో వచ్చిన ఒకటి ఉంది.

ఓపిక మిగిలితే 65వ గదిలో తిర్హాకాను పలకరించండి. యూదా రాజు హిజ్కియా కాలంలో అష్షూరు (అస్సీరియా) మీదికి బయలుదేరాడని బైబిల్లోని రాజుల రెండో గ్రంథం చెప్పే కూషు (ఇప్పటి సూడాన్ వైపు) రాజు. సింహం ఒంటితో, మనిషి ముఖంతో చిన్న రాతి బొమ్మ, మూరెడు కూడా ఎత్తు లేదు. అదే యుద్ధంలో యూదా పట్టణం లాకీషు ముట్టడిని అష్షూరు రాజు సన్హెరీబు చెక్కించుకున్న పలకలు కింది అంతస్తులో 10వ గదిలో ఉన్నాయి. ఆ రెండూ వెంటవెంటనే చూస్తే ఒక అధ్యాయం మొత్తం నడిచినట్టుంటుంది. మేము చూడలేకపోయాం, నా మోకాళ్లు అప్పటికే సెలవు పెట్టాయి.

వెళ్లేవారికి: టాటెన్‌హామ్ కోర్ట్ రోడ్, హోబోర్న్, రసెల్ స్క్వేర్, ఏ మెట్రో స్టేషనులో దిగినా నడిచి వెళ్లే దూరమే. ప్రవేశం ఉచితమే అయినా వెబ్‌సైటులో ముందే సమయం ఎంచుకుని టికెట్టు తీసుకోవడం మంచిది. సంచులు తనిఖీ చేస్తారు, కాబట్టి పెద్ద సంచి వద్దు. ఆడియో గైడులో తెలుగు లేదు. ఆదికాండం 37 నుంచి 50 వరకు, నిర్గమకాండం 1 నుంచి 5 వరకు ముందురోజు రాత్రి ఒకసారి చదువుకుని వెళ్లండి, అంతకంటే మంచి గైడు దొరకడు. క్రైస్తవులు కానివారికీ ఇదే చెబుతాను, కథగా చదివినా చాలు. పిల్లలకు భూతద్దం ఇవ్వండి.

హాజరుపట్టీ ఫోటో తీసి, నా తర్వాత ఆ బడికి ప్రధానోపాధ్యాయుడిగా వచ్చినాయనకు పంపాను. కింద కారణాలన్నీ తెలుగులో రాసి పెట్టాను. అక్కడ తెల్లవారుజాము. బడికి వెళ్లే వేళకు జవాబు వచ్చింది: "మేడమ్, తేలు కుట్టినవాడికి మెడికల్ లీవు, బీరు కాసినవాడికి సీఎల్. పై అధికారితో ఉన్నవాడికి మాత్రం ఓడీ (ఆన్ డ్యూటీ) వేయాలి, ఎర్ర సిరాతో రాయడం తప్పు."